ఫోటో కింద పేరు

అనగనగా ఒక అడవి. దాని పేరు ఇప్పచెట్ల కోన. ఆ కోనలో జంతువులకి ఫోటోలంటే మహా సరదా. అడవిలోకి కెమెరాలు ఎలా వచ్చాయని మాత్రం నన్నడక్కండి, నాకూ తెలీదు. వచ్చాయి, అంతే.

కోనలో వాగు పక్కన గోడలా నిలువుగా ఒక పెద్ద బండ ఉండేది. నెలకోసారి ఆ బండకి ఫోటోలు తగిలించేవాళ్ళు. ఒక్కో ఫోటో కింద తాటాకు ముక్క మీద, తీసినవాళ్ళ పేరు రాసి గుచ్చేవాళ్ళు. ఆ రోజు పొద్దుటినుంచీ సాయంత్రం దాకా కోనంతా అక్కడే ఉండేది.

ఫోటోలు తీసేవాళ్ళలో కొండముచ్చు భూషయ్యది పెద్ద పేరు. ఆయన తన గుహ వాకిట్లో ఒక తెల్ల గుడ్డ కట్టేవాడు. ఎండ ఆ గుడ్డలోంచి వడకట్టినట్టు మెత్తగా లోపలికి వచ్చేది. ఆ వెలుతురులో ఎవరు కూర్చున్నా, వాళ్ళ మొహం వాళ్ళకే కొత్తగా కనపడేది. ముసలి ఏనుగమ్మని తీస్తే ఒక్క ముడత కూడా దాచలేదు. అయినా ఏనుగమ్మ ఆ ఫోటో చూసుకుని, "నేను ఇంత బాగుంటానా" అని మురిసిపోయింది.

ఆ కోనలోనే వరాలు అనే ముంగిస ఉండేది. వరాలు ఫోటోలు తీసేది కాదు. చూసేది. రోజంతా చీకటి బొరియలోంచి ఎండలోకి, ఎండలోంచి బొరియలోకి తిరిగే ప్రాణం కదా, వెలుతురు సంగతి ఆమెకి బాగా తెలుసు. నీడ ఎక్కడ ముదిరిందో, వెలుగు ఎక్కడ పలచబడిందో ఒక్క చూపులో పట్టేసేది. చూసింది చూసినట్టు చెప్పేది. అందుకని బండ దగ్గర ఏ ఫోటో గురించి మాటొచ్చినా, "వరాలు ఏమంది?" అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే వరాలుకి లోలోపల చాలా బాగుండేది.

ఇలా ఉండగా ఒక నెల భూషయ్య కణుజు ఫోటో తగిలించాడు. కణుజంటే పెద్ద కొమ్ముల దుప్పి. వరాలు దాని ముందు నిలబడింది. ఏదో తేడాగా ఉంది. మొహమంతా ఒకటే రంగు. ముక్కు ఎక్కడ లేచిందో, దవడ ఎక్కడ దిగిందో తెలియడం లేదు. కంట్లో మెరుపు లేదు. ఫోటో అంతా పొగ కప్పినట్టుంది.

చెప్దామని వరాలు నోరు తెరిచింది. చుట్టూ అందరూ, "భూషయ్యగారి చెయ్యి కదా, అలాగే ఉంటుంది" అంటున్నారు. వరాలు వెనక్కి తగ్గింది. 'ఇంత పెద్దాయనకి తెలియని వెలుతురు నాకు తెలుసా? ఏదో ఉద్దేశంతోనే ఇలా తీసుంటాడు' అనుకుంది.

"చాలా శాంతంగా ఉంది బాబాయ్" అంది.

భూషయ్య ఆమె వంక చూశాడు. "అంతేనంటావా?" అన్నాడు.

"అంతే."

రెండో నెల ఎలుగుబంటి ఫోటో. సగం మొహం నల్లగా మునిగిపోయింది. చెవి ఉందో లేదో తెలీదు. "ఎంత లోతుందో ఇందులో" అంది వరాలు. "అంతేనంటావా?" అని భూషయ్య మళ్ళీ అడిగాడు. ఈసారి ఆయన చూపు కాసేపు ఆమె మీదే ఆగింది. వరాలు తల ఊపింది.

మూడో నెల నెమలి ఫోటో. వెనకనుంచి ఎండ విరగబడి, మెడ మీది నీలమంతా వెలిసిపోయింది. నెమలికి మెడే కదా అందం. వరాలుకి ఏమనాలో తోచలేదు. "కొత్త పద్ధతి" అంది. ఈసారి భూషయ్య ఏమీ అడగలేదు.

వరాలు అన్న మాట కోనంతా పాకింది. కొత్త పద్ధతట. ఇంకేముంది, కెమెరా ఉన్న ప్రతివాళ్ళూ ఎదుటివాళ్ళని ఎండకి వీపు పెట్టి కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి కోనలో సగం మంది మొహాలు మసి పూసినట్టు తయారయ్యాయి.

ఇదే మూడు నెలల్లో రవణమ్మ అనే ముళ్ళపంది కూడా ఫోటోలు తగిలిస్తూ వచ్చింది. అవతలి కొండనుంచి కొత్తగా వచ్చింది. ఆమె ఎవరో ఎవరికీ తెలీదు. ఒకసారి కుందేలుని తీసింది. పక్కనుంచి వెలుతురు పడి, ఒక్కో మీసం వెండి తీగలా ఉంది. వరాలుకి నచ్చింది. కానీ అందరూ ఆమె మాట కోసం చూస్తున్నారు. కొత్తవాళ్ళని ఏదో ఒకటి అనకపోతే తన మాటకి విలువేముంటుంది?

"మీసాల మీద వెలుతురు కాస్త ఎక్కువైంది" అంది.

"అలాగే అక్కా, ఈసారి చూసుకుంటాను" అంది రవణమ్మ. ఆ తర్వాత ఆ ఫోటో వైపు ఎవరూ వెళ్ళలేదు.

నాలుగో నెల వచ్చింది. అడవిదున్నల మందకి పెద్ద సింగన్న. పన్నెండేళ్ళు మందని నడిపి, ఇక చాలని ఆ పని చిన్నవాళ్ళకి అప్పగించాడు. ఆయన ఫోటో ఒకటి, మంద రోజూ ఉప్పుమన్ను నాకడానికి వెళ్ళే చోట పెట్టుకోవాలని దున్నలన్నీ ముచ్చటపడ్డాయి. ఆయన్ని చూడకుండా వాటికి రోజు మొదలవదు మరి.

భూషయ్యని అడిగారు. ఆయన తీశాడు. రవణమ్మ కూడా వచ్చి, "నన్నూ ఒకటి తీయనివ్వండి పెద్దయ్యా" అంది. సింగన్న కాదనలేదు. దున్న ఒళ్ళు నలుపు. నల్లటి మొహాన్ని ఫోటోలో పట్టడం ఎంత కష్టమో తీసేవాళ్ళకే తెలుసు. వెలుతురు తగ్గితే బొగ్గు ముద్దలా ఉంటుంది, ఎక్కువైతే బూడిద పూసినట్టుంటుంది. రెండు ఫోటోలూ బండకి పెడదాం, వరాలు ఏది బాగుందంటే అది తీసుకుందాం అని మంద అనుకుంది.

ఆ రోజు తెల్లారగానే చిన్న జల్లు పడింది. తాటాకు ముక్కలు ఊడి కింద పడ్డాయి. ఫోటోలు తగిలించే పని తాబేలు కోటయ్యది. ఆయన సింగన్న ఫోటోలు రెండూ చూశాడు. బాగున్నది భూషయ్యదే అయ్యుంటుందిలే అనుకున్నాడు. దాని కింద భూషయ్య పేరు, రెండో దాని కింద రవణమ్మ పేరు గుచ్చేశాడు.

కాసేపటికి వరాలు వచ్చింది. అప్పటికింకా జనం చేరలేదు. కోటయ్య, మందలోని ఇద్దరు ఆడదున్నలు, అంతే. వరాలు ముందు భూషయ్య పేరున్న ఫోటో చూసింది. చాలాసేపు కదల్లేదు.

"వెలుతురు కొమ్ము మీదనుంచి జారి చెంప దాకా వచ్చి ఆగింది చూడండి" అంది. "నలుపు నలుపుగానే ఉంది. అయినా నుదుటి మీద మచ్చ కనపడుతోంది, కంటి కింద తడి కనపడుతోంది. మందని నడిపిన మొహం ఇది."

తర్వాత రవణమ్మ పేరున్న ఫోటోకి వచ్చింది. "ఇది పనికిరాదు" అంది. "కళ్ళు రెండు గుంటల్లా ఉన్నాయి. వెనక ఆకాశం తెల్లగా మండిపోతోంటే ఎదురుగా మొహం చీకట్లో ఉంది. మూపు ఎక్కడ ఆగిందో తెలీదు. తీసేటప్పుడు అసలు చూసిందా అని నా అనుమానం."

ఆ మాటలన్నీ వింటూనే సింగన్న నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. తాటాకుల వంక చూశాడు.

"పేర్లు తారుమారయ్యాయే" అన్నాడు. "ఇదిగో, నువ్వు బాగుందన్నది రవణమ్మ తీసింది. అది భూషయ్య తీసింది. కూర్చున్నవాణ్ణి నేనే కదా, నాకు తెలీదా?"

వరాలు మొహం పాలిపోయింది. కోటయ్య మెడ డిప్పలోకి లాక్కున్నాడు. కాసేపటికి మళ్ళీ బయటికి పెట్టాడు.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు. "పేర్లు మార్చేస్తాను. నువ్వు కూడా అన్న మాటలు మార్చేసుకో. విన్నది మేం నలుగురమే. మేమెవరికీ చెప్పం."

వరాలు వాగు ఒడ్డుకి వెళ్ళి కూర్చుంది. 'కణుజు కంట్లోనూ ఇలాగే మెరుపు లేదు, శాంతమన్నాను. ఎలుగు మొహంలో ఈ చీకటే ఉంది, లోతన్నాను. నెమలి వెనక ఈ మంటే ఉంది, కొత్త పద్ధతన్నాను. కింద రవణమ్మ పేరుండేసరికి అవే నాకు తప్పులుగా కనపడ్డాయి. అంటే ఇన్నాళ్ళూ నేను చూస్తున్నది ఫోటోల్ని కాదు. నా నోరు పలికింది కళ్ళు చెప్పినట్టు కాదు, తాటాకు చెప్పినట్టు' అనుకుంది.

ఇలా అనుకునేసరికి ఆమెకి ఏడుపొచ్చింది. కానీ ఏడవలేదు. లేచి వెనక్కి వెళ్ళింది.

మధ్యాహ్నానికి బండ ముందు కోనంతా చేరింది. పేర్లు సరిగ్గా మార్చి ఉన్నాయి. భూషయ్య కర్ర ఆనించుకుని ఒక పక్కగా నిలబడ్డాడు. రవణమ్మ ఎక్కడో వెనక ఉంది. "వరాలు ఏమంటుంది?" అని గుసగుసలు.

వరాలు భూషయ్య ఫోటో ముందుకి వెళ్ళింది.

"బాబాయ్, ఈ ఫోటో బాగాలేదు" అంది. "కళ్ళు కనపడటం లేదు. వెనక వెలుతురు ఎక్కువ, మొహం మీద తక్కువ. పోయిన మూడు నెలలూ మీ ఫోటోల్లో ఇలాంటి తప్పులే ఉన్నాయి. నాకు కనపడ్డాయి. మీ పేరు చూసి చెప్పలేకపోయాను. రవణమ్మ కుందేలు ఫోటోలో ఏ తప్పూ లేదు. ఆమె పేరు చూసి లేనిది కల్పించాను. ఈ దున్న ఫోటోల్లో రవణమ్మదే బాగుంది."

భూషయ్య తన ఫోటో వైపు తిరిగాడు. మొహం దాదాపు దానికి ఆనించి, చాలాసేపు చూశాడు. తర్వాత కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆయన కనుమరుగు కాగానే జనం ఆమె మీద పడ్డారు. "అంత పెద్దాయన్ని పదిమందిలో అలా అనొచ్చా?" అంది నక్క. "అయితే మూడు నెలలూ మాతో అబద్ధాలు చెప్పావన్నమాట" అంది నెమలి. సింగన్న మాత్రం, "నా మందకి నా కళ్ళు కనపడాలి" అని రవణమ్మ తీసిన ఫోటో కొమ్ముకి తగిలించుకుని వెళ్ళాడు.

ఆ తర్వాత వారం రోజులు వరాలుని ఎవరూ పలకరించలేదు. ఎనిమిదో రోజున భూషయ్య కబురు పెట్టాడు.

వరాలు భయపడుతూనే గుహకి వెళ్ళింది. భూషయ్య గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆయన రెండు కళ్ళకీ ఆకు కట్లు ఉన్నాయి.

"ఏమైంది బాబాయ్?"

"కొంగ వైద్యుడి దగ్గరికి వెళ్ళాను" అన్నాడు. "కళ్ళ మీద పొర పెరిగిందట. సన్నటి ముల్లుతో తీశాడు. కుడి కన్ను నయమవుతుందన్నాడు. ఎడమదాంట్లో పొర ముదిరిపోయిందట. రెండు మూడు నెలల ముందు వచ్చుంటే అదీ దక్కేదన్నాడు."

వరాలు లెక్క వేసుకుంది. రెండు మూడు నెలల ముందు. కణుజు ఫోటో నాటి సంగతి అది.

"నాకే అనుమానం ఉండేది" అన్నాడు భూషయ్య. "పొద్దున్నే అంతా మసగ్గా ఉండేది. మంచేమో అనుకునేవాణ్ణి. నా కంటిని నేను నమ్మలేక నీ కంటిని అడిగాను. అంతేనంటావా అని. నువ్వు అంతే అన్నావు. వరాలు అంతటిది చెప్పాక ఇంకేం భయమని ఊరుకున్నాను."

"నన్ను క్షమించండి బాబాయ్" అంది వరాలు. ఈసారి కన్నీళ్ళు ఆగలేదు. "మీరంటే గౌరవంతో చెప్పలేకపోయాను."

"నువ్వు నా పేరుని గౌరవించావమ్మా. నన్ను కాదు" అన్నాడు భూషయ్య. కోపంగా అనలేదు. "తప్పు నాలోనూ ఉంది" అన్నాడు. "అడిగినవాణ్ణి గట్టిగా అడగొచ్చుగా? పొగడ్త వింటుంటే హాయిగా ఉండేది. నువ్వు ఆ రోజు నోరు విప్పబట్టి ఈ ఒక్క కన్నైనా మిగిలింది. కూర్చో."

వరాలు ఆయన పక్కన కూర్చుంది. అప్పుడు ఇద్దరూ ఒక ఆలోచన చేశారు.

మర్నాటినుంచి వరాలు ఇంటింటికీ తిరిగి ఆ మాట చెప్పింది. ఇకనుంచి తాటాకులు తిరగేసి గుచ్చాలి. పేరు బండవైపు ఉండాలి. అందరూ ఫోటో చూసి, అనాల్సింది అన్నాకే వాటిని ఇటు తిప్పాలి. మొదట్లో కొందరు నవ్వారు. నక్క ఒప్పుకోలేదు. భూషయ్యే స్వయంగా అడిగాడని తెలిశాక సరేనన్నారు.

ఆ పై నెల బండ ముందు జనం ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉన్నారు. ఎవరి ఫోటో ఏదో తెలియక, మొదటిసారి ఫోటోల్ని నిజంగా చూస్తున్నారు మరి. నెమ్మదిగా ఒక్కొక్కరూ నోరు విప్పారు. ఎప్పుడూ నోరు మెదపని ఉడుత కూడా ఒక మాట అంది.

వరాలు ఒక ఉడుము ఫోటో ముందు ఆగింది. చర్మం మీది గరుకు చేత్తో తడిమినట్టు తెలుస్తోంది. కంట్లో చిన్న మెరుపు ఉంది. కానీ ఒకచోట లోటుంది. ఎవరిదై ఉంటుందోనని ఒక్క క్షణం ఆమె మనసు తాటాకు వైపు పోయింది. దాన్ని వెనక్కి లాక్కుని మళ్ళీ ఫోటోనే చూసింది.

"చాలా బాగుంది" అంది. "కానీ గడ్డం కింద చీకటి ముద్ద కట్టింది. కిందనుంచి కాస్త వెలుతురు అందితే సరిపోయేది."

వెనకనుంచి కర్ర చప్పుడు వినపడింది. భూషయ్య వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఉన్న ఒక్క కన్నూ చికిలించి ఫోటో చూశాడు.

"నిజమే" అన్నాడు. "అది నాదే. నేల మీద కూడా ఒక తెల్ల గుడ్డ పరవాల్సింది. రేపు ఉడుముని మళ్ళీ కూర్చోమంటాను."

అని ఫోటో బండమీదనుంచి తీసి చంకలో పెట్టుకుని, తేలిగ్గా నడుచుకుంటూ గుహవైపు వెళ్ళిపోయాడు.

నీతి: పేరు చూసి మెచ్చుకున్నా, పేరు లేదని తీసిపారేసినా ఇద్దరికీ అన్యాయమే. పనిని చూసి, ఉన్నమాట మర్యాదగా చెప్పడమే నిజమైన గౌరవం పిల్లలూ.