కోనప్ప దిగిన బస

ఒకానొక రాజ్యాన్ని వీరభానుడనే రాజు ఏలుతుండేవాడు. వందిమాగధులు తన బిరుదులన్నీ చదవడం ముగిసేదాకా ఆయన సింహాసనం మీద కూర్చునేవాడు కాడు. ఆయన రాజధాని విరజానగరం చాలా పాత నగరం. కోట నడిబొడ్డున ఒక రథశాల ఉంది. తొలి ఎండ తగలగానే అక్కడి రాతిగుర్రాలు కదిలినట్టే కనిపిస్తాయని దేశమంతా చెప్పుకునేవారు.

ఆ వింత చూడాలని కోనప్ప అనే అత్తరు వ్యాపారి ఆ నగరానికి వచ్చాడు. నిజానికి చూడాలని ముచ్చటపడింది అతని భార్య గంగమ్మ. వచ్చే ఏడు వెళదాం, వచ్చే ఏడు వెళదాం అంటూండగానే ఆమె కన్నుమూసింది. ఇన్నాళ్ళకు కోనప్ప ఒక్కడే బయలుదేరాడు.

కోట తలుపులు పొద్దెక్కాక గానీ తెరవరు. తెల్లవారేసరికి రథశాల ముందుండాలంటే రాత్రి కోటలోపలే బస చెయ్యాలి. కోనప్ప ఒక పూటకూళ్ళ ఇంటికి వెళ్ళి అడిగాడు.

"గదికి ఇద్దరి లెక్క. ఒక్కడివైనా ఇద్దరి డబ్బులూ ఇవ్వాల్సిందే" అన్నాడు యజమాని.

"రెండో మనిషి లేదు బాబూ."

"ఆ సంగతి నాకెందుకయ్యా?"

కోనప్ప మరో పూటకూళ్ళ ఇంటికి వెళ్ళాడు. ఎక్కడికి వెళ్ళినా అదే మాట. చవక బసలన్నీ కోట బయటే ఉన్నాయన్నారు. వీధి నిండా జనం ఉన్నారు. అతన్ని చూసి ఆగినవాళ్ళు మాత్రం లేరు. పొద్దు వాలుతుండగా కోటగుమ్మం మీద చెక్కించిన అక్షరాలు అతని కంటబడ్డాయి: 'వీరభాను మహారాజు నగరంలో పరాయివాడనే మాట లేదు.'

అతను తిన్నగా కావలి భటుల దగ్గరకు వెళ్ళాడు. "అయ్యా, నేనిక్కడ పరాయివాణ్ణి కాదట. మరి మా ఇల్లెటు?"

రాజశాసనాన్ని వెక్కిరిస్తున్నాడని భటులు అతన్ని పట్టుకుపోయి చెరసాలలో వేశారు.

మర్నాడు కోనప్పను సభలో నిలబెట్టారు. బిరుదులు చదవడం అయ్యాక రాజు మీసం దువ్వి, "ఏమోయ్, మా చెరసాల ఎలా ఉంది?" అన్నాడు.

"దివ్యంగా ఉంది ప్రభూ. ఇంకో నాలుగు రోజులు ఉండనివ్వండి."

సభ నివ్వెరపోయింది.

"చాప ఇచ్చారు, సంకటి పెట్టారు, దొంగల భయం లేదు. తెల్లవారగానే కిటికీలోంచి రాతిగుర్రాలు కనిపించాయి. కదిలాయి కూడా ప్రభూ. పక్కకు తిరిగి, 'చూశావటే?' అన్నాను." కోనప్ప ఒక్క క్షణం ఆగాడు. "గోడ ఉంది."

రాజు ముఖం చిట్లించి, "చెర నీకు అంత సుఖమైతే విడిచిపెట్టడమే నీకు శిక్ష. ఫో!" అన్నాడు.

"వెళతాను ప్రభూ. కానీ దారిలో బస సంగతి అడిగినవాళ్ళకు అబద్ధం చెప్పలేను. కోట మధ్యలో పేదవాడికి అందే బస చెరసాల ఒక్కటేనని చెబుతాను. ఇక యాత్రికులంతా తలా ఒక నేరం చేసుకుని వస్తారు. తమ భటులు చాలరేమో, ఆలోచించండి."

రాజు పెదవుల మీదికి నవ్వు వచ్చి ఆగింది. "నిజం చెప్పు. ఆ చీకటికొట్టులో నీకంత నచ్చిందేమిటి?"

"సాయంత్రం భటుడు తలుపు దగ్గరకొచ్చి, 'కోనప్పా, ఉన్నావా?' అని పిలిచాడు ప్రభూ. మా ఆవిడ పోయాక నన్ను ఆ మాట అడిగినవాడు అతనొక్కడే."

రాజు తన చేతి కంకణం తిప్పుకుంటూ మంత్రిని పిలిచాడు. "చక్రవర్తుల కోసం కట్టించిన విడిది ఖాళీగానే ఉంది కదా? తాళాలు ఇతనికివ్వండి. ఇకమీదట అది యాత్రికులది. ఒక్కరొస్తే ఒక్కరి లెక్కే."

మంత్రి కంగారుపడి, "మహాప్రభూ! రేపు నిజంగానే చక్రవర్తి వస్తే ఎక్కడ దించాలి?" అన్నాడు.

"చెరసాల ఉంది కదా మంత్రిగారూ," అన్నాడు కోనప్ప వినయంగా. "నేను ఖాళీ చేశాను."

రాజు పగలబడి నవ్వాడు. కిరీటం జారినా పట్టించుకోలేదు. కంకణం ఊడదీసి తన చేత్తోనే కోనప్ప ముంజేతికి తొడిగాడు.

ఆ సాయంత్రం కోనప్ప విడిది తలుపులు తెరిచి, ఒక గది ఊడ్చి, గడప మీద ఒంటరిగా కూర్చున్నాడు. చీకటి పడకముందే మూటతో ఒక ముసలమ్మ వచ్చి నిలబడింది.

"నేనొక్కదాన్నే నాయనా. చోటుంటుందా?"

కోనప్ప లేచి మూట అందుకున్నాడు. "ఉంది తల్లీ, లోపలికి రా. నీ పేరేమిటి?"