రాణిగారి వెన్నెల వేషం

సర్దుకోండి, సర్దుకోండి. ఆ తలగడ ఇటివ్వు రుత్తూ, నా నడుంకి కావాలి. లాస్యా, ఫోను అవతల పెట్టు, అది ఊ కొట్టదు, నువ్వే కొట్టాలి. ఆ, ఇక వినండి.

అనగనగా గోదారొడ్డున ఒక కోట. దాని పేరు చింతలకోట. కోట నిండా జనం, జనం నిండా కబుర్లు. రాజు పేరు పెద్దిరాజు, రాణి కనకాంబ. ఒక్కడే కొడుకు, చినరాజు అనేవారు. ఆ చినరాజు పెళ్ళాం నాంచారి. కథంతా ఈ పిల్లదే.

నాంచారి పడవల వాళ్ళ పిల్ల. అవతలి ఒడ్డున వాళ్ళ నాన్నకి పడవలుండేవి. ఊహ తెలిసినప్పట్నించీ నీళ్ళల్లోకి దిగడం, తాళ్ళు లాగడం. అందుకని చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, గోచీ పోసి, కొంగు నడుం చుట్టూ బిగించేది. పసుపుపచ్చ చీరంటే ప్రాణం. దానికి వంకాయరంగు అంచుంటే మరీ ప్రాణం. సిగలోకి ఏ పువ్వు దొరికితే ఆ పువ్వు, ఏదీ దొరక్కపోతే ఓ మామిడాకు. రాజుగారింటికి కోడలై వచ్చినా అదే కట్టు, అదే మామిడాకు. రాణిగారు నవ్వి ఊరుకునేది.

ఇలా ఉండగా ఎక్కడ్నించో వన్నెలరాయుడని ఒకడు దిగాడు. బట్టలు నేసేవాడు కాదు, కుట్టేవాడూ కాదు. ఎవరేం కట్టుకోవాలో చెప్పేవాడు. అదే వాడి పని. నవ్వకండి, ఇప్పటికీ ఉన్నారలాంటివాళ్ళు. వాడొచ్చి రాణిగారిని ఎగాదిగా చూసి పెదవి విరిచాడు. అంతే, ఆవిడకి అన్నం సయించలేదు.

మొదట పొడుగు చేతులన్నాడు. రవిక చేతులు నేలని తాకాలట. రాణిగారు తొడిగింది కాబట్టి మంత్రిగారి భార్య తొడిగింది. మంత్రిగారి భార్య తొడిగింది కాబట్టి సేనాపతిగారి భార్య తొడిగింది. సేనాపతిగారి భార్య తొడిగింది కాబట్టి వంటావిడ తొడిగింది. వంటావిడ తొడిగింది కాబట్టి పాలావిడ తొడిగింది. పాలావిడ తొడిగింది కాబట్టి పాలావిడ గేదె కొమ్ములక్కూడా చెరో గుడ్డ వేలాడింది. భోజనాల దగ్గర పప్పు సగం నోట్లోకి, సగం చేతుల్లోకి. కోటలో ఈగలు బాగా ఒళ్ళు చేశాయి.

ఊ కొడుతున్నారా? కొట్టండి మరి.

తర్వాత గోపురం ముడన్నాడు. కొబ్బరిపీచు కూరి మూరెడెత్తు ముడి. మళ్ళీ రాణిగారు, మంత్రిగారి భార్య, సేనాపతిగారి భార్య, వంటావిడ, పాలావిడ. గేదెకి జుట్టు లేక బతికిపోయింది. గుమ్మాలకి ఆ ముడులు తగిలి రోజూ ఎవరో ఒకరు వెనక్కి పడేవారు. రాజుగారు గుమ్మాలన్నీ పగలగొట్టించి ఎత్తు చేయించారు. ఆ పని అయ్యేసరికి ముడి పాతబడిపోయింది.

నాంచారి మాత్రం తన కట్టులోనే ఉంది. మొండితనమనుకునేరు, కాదు. ఆ పిల్లకీ నలుగురిలో కలవాలనుంటుందిగా. వసారాలో ఆడవాళ్ళు తనని చూసి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే మొహం చిన్నబోయేది. ఓ పూట ఎవరూ చూడకుండా పొడుగు చేతులూ తొడిగింది, గోపురం ముడీ పెట్టింది, అద్దం ముందు నించుంది. అద్దంలో ఎవరో ఉన్నారు. తను పక్కకి జరిగితే వాళ్ళూ జరిగారు. అప్పుడు భయమేసి అన్నీ విప్పి అవతల పడేసింది.

మొగుడు చినరాజు ఉన్నాడు చూశారూ, మంచివాడే, కాకపోతే అమ్మ మాటకి గంగిరెద్దు. అందరిలా ఉంటే నీ సొమ్మేం పోయిందని మూతి ముడిచేవాడు.

ఇక మూడోది వచ్చింది. వెన్నెల వేషం. దీని గురించి జాగ్రత్తగా వినండి. తెల్లచీర, కుచ్చిళ్ళు నేల మీద జీరాడాలి. మొహానికి దట్టంగా బియ్యప్పిండి. బొట్టు లేదు, కాటుక లేదు. జుట్టు విరబోసుకోవాలి. గట్టిగా నవ్వకూడదు. మాట గుసగుసగా రావాలి. నడక తేలిపోతున్నట్టుండాలి. ఏం గుర్తొస్తోంది మీకు? ఆ, అదే. మీకు తట్టింది, ఆ కోటలో ఒక్కళ్ళకీ తట్టలేదు.

పున్నమినాడు పెద్ద విందు పెట్టారు. ఆడవాళ్ళంతా వెన్నెల వేషంలోనే రావాలని రాణిగారి ఆజ్ఞ. నాంచారిని పిలిచి, కట్టుకుంటే విందుకి రా, లేకపోతే పడవెక్కి మీ నాన్న దగ్గరికి పో అని గుసగుసగా చెప్పింది. ఆ గుసగుస అరుపుకన్నా గట్టిగా తగిలింది. నాంచారి మొగుడి వంక చూసింది. మొగుడు కిటికీ వంక చూశాడు. ఇంకేముంది, చీరలు మూటగట్టుకుంది. ముడి వేస్తుంటే కళ్ళనిండా నీళ్ళు, ఆ ముడి ఎంతకీ పడదే.

కోట వెనక ఒక చింతచెట్టు, దాని మీద ఒక దెయ్యం. పాపం, ఏ కాలం నాటిదో. ఒకర్ని పీడించి ఎరగదు. దానికున్న ఒకే ఒక్క బలహీనత గారెలు. పాదాలు వెనక్కి తిరిగి ఉండవా అంటావేంటి లాస్యా? అవి వేరే ఊళ్ళ దెయ్యాలు. గోదారి దెయ్యాల పాదాలు తిన్నగానే ఉంటాయి. మధ్యలో అడ్డురాకు.

ఆ సాయంత్రం దెయ్యం కిందికి చూసింది. తెల్లచీరలు, విరబోసిన జుట్లు, తెల్లటి మొహాలు. అబ్బ, మనవాళ్ళు ఇంతమందున్నారా అని పొంగిపోయి చెట్టు దిగింది. లోపల గారెల వాసన. గుమ్మం దగ్గర భటులు దణ్ణం పెట్టారు. దాసీలు దారి చూపించారు. పంక్తిలో రాజుగారి పక్క పీట ఖాళీగా ఉంటే కూచోబెట్టారు. కూచుంది. పెట్టారు. తింది.

కాసేపటికి అసలు రాణిగారొచ్చింది. పిండి దట్టంగా పట్టేసరికి ఆలస్యమైంది. వచ్చి చూస్తే తన పీట మీద తనే ఉంది.

రాజుగారు ఇటు చూశారు, అటు చూశారు. ఇద్దరూ తెలుపు, ఇద్దరూ గుసగుస. ఏవో ప్రశ్నలు అడిగారు. ఇద్దరూ ఒకటే జవాబు. ఆ చింతచెట్టు మీదికి కోటలో వినపడని మాటంటూ ఉందా? అసలు ఆయన పెళ్ళాం మొహాన్ని సరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో. కొడుకూ తెల్లమొహం వేశాడు. చివరికి వన్నెలరాయుణ్ణి పిలిచారు. వేషం వేసింది నువ్వే కదా, రాణి ఎవరో చెప్పమన్నారు. వాడు ఇద్దరి చుట్టూ తిరిగి, గడ్డం గోక్కుని, దెయ్యం వైపు చూపించాడు.

"ఈవిడే. చూడండి ఆ నడక, ఆ తెలుపు. వేషం పుట్టుకతో వచ్చినట్టు నప్పింది. ఆ రెండో ఆవిడకి ఏమీ కుదర్లేదు."

ఇంకేం, ఆ రెండో ఆవిడే దెయ్యమని వేపమండలు తెప్పించారు, రాణిగారిని తరిమెయ్యడానికి. పాపం ఆవిడ అరవబోయింది. ఇన్నాళ్ళ అలవాటున గొంతు లేవలేదు, గుసగుసే వచ్చింది. దెయ్యం నిజంగా ఇలాగే మాట్లాడుతుందని అందరూ ఇంకాస్త వెనక్కి జరిగారు.

అప్పుడే నాంచారి మూటతో అటుగా పోతోంది. చూసింది. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం కడుపులో చల్లగా అనిపించింది. ఎవరికి మాత్రం అనిపించదు? కానీ ఆ పిండి మీద కన్నీళ్ళు చారలు కట్టడం కూడా చూసింది. దాంతో కాళ్ళు ముందుకి పడలేదు. మూట కింద పెట్టి మధ్యలోకొచ్చి నించుంది. అంత తెలుపులో ఆ పసుపుపచ్చ చీర చూసి, ఇదెవరని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

మావయ్యగారూ, తొందరపడకండి, పాత బట్టల పెట్టె తెప్పించండి అంది. ఇద్దర్నీ మొహం కడుక్కోమంది. ఎవరికేది ఇష్టమో అది కట్టుకు రమ్మంది. ఎవరి మాటా వినకూడదు, ఎవర్నీ చూసి కట్టకూడదు, అదొక్కటే షరతు. వెంట తనూ లోపలికి వెళ్ళింది.

రాణిగారు పెట్టె ముందు కూచుంది. ఈ చీర తీస్తుంది, పెట్టేస్తుంది. ఆ చీర తీస్తుంది, పెట్టేస్తుంది. చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని అంది, "నాకేదిష్టమో గుర్తు రావటం లేదే నాంచారీ."

నాంచారి పక్కన చతికిలబడింది. ఈ ఇంటికి రాకముందు, చిన్నప్పుడు, ఏం కట్టుకుంటే గెంతులేసేవారని అడిగింది.  మెల్లిగా రాణిగారి చెయ్యి పెట్టె అడుక్కి పోయింది.

బయటికొచ్చేసరికి ఏముంది. చిలకపచ్చ చీర, దానికి ఎర్రటి అంచు, సిగలో గుప్పెడు బంతిపూలు, అరచెయ్యంత బొట్టు, చేతుల నిండా గలగలలాడే గాజులు. అసలేదానికీ ఏదీ కలవలేదు. తిరునాళ్ళు నడిచొచ్చినట్టుంది. సభలో ఎవరో కిసుక్కుమంటే రాణిగారు అంతకన్నా గట్టిగా, గుమ్మాలదిరేలా నవ్వింది. రాజుగారు లేచి నించున్నారు. పెళ్ళిచూపుల్లో ఇలాగే ఉంది, ఇలాగే నవ్వింది, నా పెళ్ళాం ఇదే అని కళ్ళు తుడుచుకున్నారు.

మరి దెయ్యం? అది రాజుగారి పట్టుపంచె కట్టి, తలకి ఎర్రటి పెద్ద తలపాగా చుట్టి వచ్చింది. నువ్వెందుకు మోసం చేశావని రాజుగారు గద్దించారు.

"నేను రాణినని ఎప్పుడన్నాను నాయనా? కూచోమన్నారు, కూచున్నా. గారెలు పెట్టారు, తిన్నా. దెయ్యానికి తెల్లచీరే అని ఎవడు రాశాడో, నీకేం కావాలని నన్నొక్కరూ అడగలేదు. చిన్నప్పట్నించీ నాకు తలపాగా చుట్టాలని కోరిక."

తలపాగా దానికే ఇచ్చేశారు, ఓ బుట్టెడు గారెలు కూడా. చక్కగా చెట్టెక్కింది. మర్నాటి నుంచీ వన్నెలరాయుడు కనిపిస్తే చాలు, పంచెకి కొత్త మోస్తరు ఏదన్నా చెప్పవయ్యా అని పైనుంచి ప్రేమగా పిలిచేది. వాడు ఊరొదిలి పారిపోయాడు. మీ టీవీలో ఈమధ్య వాడి పోలికలే కనిపిస్తున్నాయి నాకు.

నాంచారిని ఉండిపొమ్మని అందరూ బతిమాలారు. ఆ పిల్ల వింటేనా, మొగుడి వంక చూసి మరీ పడవెక్కింది. చినరాజు మూడోనాటికి తయారు. పడవ ఒడ్డు చేరకముందే తొందరపడి దూకి, పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకుని, బురదలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. ఆ రోజు కిటికీ వంక చూసినందుకు తప్పైందన్నాడు. బాగా తడిసిపోయి ఉన్నాడని జాలిపడి వెనక వెళ్ళింది.

వెళ్ళి చూస్తే కోటలో గోల. మంత్రిగారి భార్య పసుపుపచ్చ చీర ఎగ్గట్టింది. ఆవిడ కట్టింది కాబట్టి సేనాపతిగారి భార్య, ఆవిడ కట్టింది కాబట్టి వంటావిడ, పాలావిడ. అందరి సిగల్లో మామిడాకులు. తోటలో చెట్టు బోసిపోయింది. రాణిగారు కూడా ముచ్చటపడి, నాకూ నీలాగే గోచీ పొయ్యవే అని చీర పట్టుకుని నించుంది.

నాంచారి ఆవిణ్ణి అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది.

"మీకు అస్సలు బాగోదు అత్తయ్యగారూ. ఆ బంతిపూలు పెట్టుకోండి."

రాణిగారు బంతిపూలు పెట్టుకుంది. మిగతావాళ్ళు ఎవరింటికి వాళ్ళెళ్ళి పెట్టెలు తీసి, నాకేది ఇష్టం అని తమని తామే అడుక్కున్నారు. కొందరికి తెలిసింది, కొందరికి ఇంకా తెలియలేదు. మీరూ అంతే, కట్టుకునేముందు ఓసారి అడుక్కోండి. ఊరికే పక్కింటి పిల్లని చూసి కట్టకండి.

ఊ లేదే? పడుకున్నారా? సరే, కథ కంచి దారి పట్టింది, నేను దుప్పటి దారి పడతాను.