అమ్మ అనే మాటకు గురువెవరు?

మంత్రసాని పైడితల్లి చెవిన ఓ కబురు పడింది. ఏడు నెలల యువరాజు "అమ్మ" అన్నాడట. ఆ మాట తానే నేర్పానన్న ఆస్థాన పండితుడికి రాజుగారు ఆమె ఊరినే దానమివ్వబోతున్నారు. ఇక పంటంతా ఆయన గాదెల్లోకే!

"అన్ని భాషలకూ ఆ మాట నేర్పింది మా పూర్వులే!" అని పండితుడు సభలో మీసం దువ్వాడు.

పైడితల్లి రేవులో దిగిన వర్తకుల విడిదికి పోయి, పారశీక, అరబ్బు, చీనా చంటిబిడ్డల్ని తల్లులతో సహా సభకు పిలుచుకొచ్చింది. పాలవేళ దాటగానే బిడ్డలందరూ "మ్మ, మ్మ" అని ఏడుపు లంకించుకున్నారు.

"అయ్యవారూ, వీళ్ళంతా మీ బడికి ఎప్పుడొచ్చారు?" అని పండితుణ్ణి అడిగింది పైడితల్లి.



"మరి వీళ్ళ గురువెవరే?" అన్నాడు రాజు నవ్వుతూ.

"ఆకలి, ప్రభూ! ఆ ఊరేదో దానికే ఇప్పించండి. మా ఊళ్ళో దున్నుకునేవాళ్ళందరి కడుపుల్లోనూ అది కాపురముంది."

రాజు దానం రాయించిన రాగిరేకు మీద పండితుడి పేరు చెరిపించి, ఊరి రైతుల పేర్లు చెక్కించాడు.