నమ్మదగిన కారణం

విశ్వపతి గారి దగ్గర పని నేర్చుకున్న వకీళ్లందరూ ఒక మాట చెబుతారు. చట్టం గురించి అడిగితే ఆయన పుస్తకం తీసి పేజీ చూపిస్తారు. మనుషుల గురించి అడిగితే మాత్రం ముందున్న ఫైలు మూసేసి, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెబుతారు. చెప్పాక ఇక వాదించరు. అర్థమైందా అని కూడా అడగరు.

మెహరున్నీసా ఆయన దగ్గర జూనియరుగా చేరిన రెండో ఏడు, ఎదుటి పక్షం నుంచి వచ్చిన ఒక అఫిడవిట్ చదివి నవ్వింది. గడువులోగా దావాకి జవాబు వేయలేకపోయామనీ, ప్రతివాదికి ఒంట్లో బాగోలేదనీ, ఆలస్యాన్ని మన్నించాలనీ అందులో ఉంది. "సార్, ఈ నెలలో ఇలాంటివి పదకొండు చూశాను. పదకొండింటిలోనూ జబ్బే. కోర్టు సమను అందగానే ఊరంతా మంచాన పడుతుందా? వీటిలో నిజమేదో అబద్ధమేదో ఎలా పోల్చుకోవడం?" అని అడిగింది. ఆయన ఫైలు మూశారు. అప్పుడు చెప్పిన సంగతి ఆమె నాకు చెప్పింది. నేను మీకు చెబుతున్నాను.

ఇరవై ఏళ్ల కిందట విశ్వపతి గారి దగ్గరికి అందె నాగభూషణం అనే నేతగాడు వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఆరు మగ్గాలున్న పాక ఒకటి అతని జీవనాధారం. ఆ పాక ఉన్న స్థలం తనదనీ, ఖాళీ చేయించాలనీ పినతండ్రి కొడుకు కోటిలింగం అతని మీద దావా వేశాడు. నాగభూషణం చేతిలో సమను ఉంది. పక్కింటివాళ్లకి కూడా వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి, "మా నాన్నా, పినతండ్రీ పంచుకున్నప్పుడు రాసుకున్న కాగితం నా దగ్గరుందండి. పాక మా వాటాకే వచ్చింది. ఇద్దరి వేలిముద్రలూ ఉన్నాయి" అన్నాడు. తీసుకురమ్మంటే, సమయం వచ్చినప్పుడు తెస్తానన్నాడు. వకాల్తా మీద సంతకం పెట్టే ముందు దాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు.

సమను అందిన ముప్పై రోజుల్లో ప్రతివాది తన జవాబు రాతపూర్వకంగా కోర్టులో వేయాలి. న్యాయమూర్తి దయతలిస్తే తొంభై రోజుల దాకా పొడిగిస్తారు. అదీ దాటితే అతని నోరు మూతపడినట్టే. గట్టి కారణం చూపిస్తే తప్ప మళ్లీ తెరుచుకోదు. విశ్వపతి గారు ఈ సంగతి అతనికి విడమరిచి చెప్పారు. అతను తలూపి వెళ్లిపోయాడు.

రెండో వారం అతను వట్టి చేతులతో వచ్చాడు. విశ్వపతి గారి గుమాస్తా సుందరం కోర్టు ఎదుట టీకొట్టులో కోటిలింగంతో కలిసి టీ తాగుతుంటే తాను కళ్లారా చూశానన్నాడు. సుందరాన్ని పిలిచి అడిగితే, ఊళ్లో ఉన్నది ఒకటే టీకొట్టని చెప్పాడు. ఆ జవాబు విశ్వపతి గారికి సరిపోయింది, నాగభూషణానికి సరిపోలేదు. "కాగితం మీ ఆఫీసులో పెడితే తెల్లారేసరికి కోటిలింగం చేతిలో ఉంటుందండీ. ముందు మీరు జవాబు రాసి కోర్టులో వేయండి. తరవాత చూపిస్తాను" అన్నాడు.

విశ్వపతి గారికి ఒళ్లు మండింది. అప్పటికి ఆయన ప్రాక్టీసు పెట్టి ఎనిమిదేళ్లు. పేరు ఇప్పుడిప్పుడే వస్తోంది. ఇంత దాచిపెడుతున్నాడంటే అసలు కాగితమే లేదేమో అనుకున్నారు. లేదా ఎక్కడో పాత కాగితం సంపాదించి, దాని మీద వేలిముద్రలు సృష్టిస్తున్నాడేమో! లేని కాగితం ఉందని రాసి సంతకం పెడితే రేపు తన పరువేం కావాలి? "ముందు కాగితం, తరవాతే జవాబు" అని తేల్చి చెప్పారు.

కాగితం లేకపోయినా, పాక మాదేనని నాలుగు ముక్కలు రాసి గడువులో వేసి ఉండొచ్చు. కాగితాన్ని ఆనక అనుమతి అడిగి జతచేసుకోవచ్చు. ఇది ఏ జూనియరుకైనా తెలుసు. ఆయనకీ తెలుసు. అయినా చేయలేదు. ఈ మాట దగ్గర ఆయన ఆగి, మెహరున్నీసా వంక కాసేపు చూశారట.

ముప్పై రోజులు పోయాయి. పొడిగింపు అడిగారు, వచ్చింది. నాగభూషణం మాత్రం మగ్గం వదిలి కోర్టు ఆవరణలోనే తిరగడం మొదలుపెట్టాడు. సుందరం ఎటు వెళితే అటు వెనకాలే వెళ్లేవాడు. సమన్లు అందించే కోర్టు అమీనాతో ఎవరు మాట్లాడినా పేరు కనుక్కునేవాడు. ఒకరోజు ఎదుటి పక్షం వకీలు నాపరాయి గట్టు మీద నిలబడి విశ్వపతి గారితో ఏదో చెప్పి నవ్వితే, అది చూసి నాగభూషణం రెండు రోజులు అన్నం తినలేదట. అతను ఇంకో వకీలు ఇంటి మెట్లెక్కుతుండగా చూశామని విశ్వపతి గారికి ఎవరో చెప్పారు. ఆయన అనుమానం అక్కడ ఇంకో మెట్టెక్కింది. వాయిదా నాడు ఇద్దరూ ఎదురుపడితే, "తెచ్చారా?" అని ఆయన, "రాశారా?" అని అతను. అంతకు మించి మాటల్లేవు.

తొంభయ్యో రోజు దాటింది. జవాబు వేసే హక్కు పోయిందని కోర్టు రాసేసింది.

తొంభై ఏడో రోజు పొద్దున నాగభూషణం భార్య కామాక్షమ్మ ఆఫీసుకి వచ్చింది. వెనకాల అతను తల వంచుకుని ఉన్నాడు. ఆమె పాత చీర ముక్కలో చుట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. విశ్వపతి గారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశారు. ముప్పై ఏళ్ల నాటి స్టాంపు కాగితం, వెలిసిన సిరా, రెండు వేలిముద్రలు, ముగ్గురు సాక్షుల సంతకాలు. ఆ సాక్షుల్లో ఒకాయన అప్పటికీ బతికే ఉన్నాడు. వంక పెట్టడానికి చోటు లేదు.

"మీరాయన్ని కాపలా కాశారు, ఆయన మిమ్మల్ని కాపలా కాశాడు. పాకని ఎవరు కాయాలయ్యా?" అంది ఆమె.

విశ్వపతి గారు ఆ మధ్యాహ్నమే కూర్చుని జవాబు రాశారు. దానితోపాటు ఆలస్యాన్ని మన్నించమని అఫిడవిట్ కూడా రాయాలి. ఎందుకు ఆలస్యమైందో అందులో చెప్పాలి. నాగభూషణం ఉన్నదున్నట్టు చెప్పాడు. "మిమ్మల్ని నమ్మలేదండి. అదే రాయండి. తప్పు నాదే కదా."

"అలా రాస్తే జడ్జి గారు నవ్వుతారు. సొంత వకీలునే నమ్మలేదంటే ఎవరు ఒప్పుకుంటారు?" అన్నారు ఆయన. అది నిజమే. కానీ ఆయన మనసులో ఇంకోటి కూడా ఉంది. కక్షిదారే తనని శంకించాడని కోర్టు రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది. ఆయన కలం తీసుకుని తనే ఒక కారణం రాశారు. నలభయ్యో రోజు నుంచి తొంభై అయిదో రోజు దాకా ప్రతివాదికి పచ్చకామెర్లు. బంధువుల ఊళ్లో ఉండి పసరు మందు తాగాడు. కదలలేని స్థితి. పసరు మందుకి డాక్టరు సర్టిఫికెట్ ఎవరూ అడగరు. కోర్టు ఆవరణలో తిరిగినవాణ్ణి ఏ కాగితమూ పట్టివ్వదని ఆయన లెక్క. చదవడానికి చాలా నమ్మకంగా ఉంది. నాగభూషణం రెండుసార్లు చదివించుకుని, "కామెర్లు నాకెప్పుడూ రాలేదండి" అన్నాడు. అయినా సంతకం పెట్టాడు. అతను ఆ వకీలుని నమ్మడం అదే మొదటిసారి.

విచారణ రోజున ఎదుటి వకీలు లేచి ఎక్కువ మాట్లాడలేదు. కోర్టు నకళ్ల రిజిస్టరు తెప్పించమని మాత్రం కోరాడు. డెబ్భై ఒకటో రోజున నాగభూషణం స్వయంగా వచ్చి, తన వకాల్తా నకలు కావాలని దరఖాస్తు పెట్టుకున్నాడు. విశ్వపతి గారు దాన్ని నిజంగా కోర్టులో వేశారో లేదో చూసుకుందామని. రిజిస్టరులో తేదీ ఉంది, అతని సంతకం ఉంది. సంగతి విశ్వపతి గారికి ఆ క్షణం దాకా తెలియదు.

జడ్జి గారు రిజిస్టరూ అఫిడవిట్టూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. "నాగభూషణం గారూ, ఆ రోజు మీరు పసరు తాగుతున్నారా, నకలు అడుగుతున్నారా?" అతను విశ్వపతి గారి వైపు చూశాడు. ఆయన బల్ల వైపు చూశారు. "కారణమే ఇలా ఉంటే, పంపకాల కాగితం ఎలాంటిదని అనుకోమంటారు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పిటిషన్ కొట్టేశారు.

ఆ తరవాత దావా ఒక పక్షం మాటతోనే నడిచింది. ఆ కాగితాన్ని ఎవరూ విప్పి చూడలేదు. ఆరు నెలలకి కోటిలింగానికి డిక్రీ వచ్చింది. మగ్గాలు ఊడదీసే రోజు విశ్వపతి గారు అక్కడికి వెళ్లి, పైకోర్టుకి వెళదామనీ, ఫీజు అక్కర్లేదనీ అన్నారు. విప్పిన పడుగు చుట్టుకుంటున్న నాగభూషణం తలెత్తి, "అక్కడ ఏం కారణం రాస్తారండీ?" అని అడిగాడు. ఎగతాళిగా కాదు, తెలుసుకుందామనే అడిగాడు. తరవాత అతను పక్క వీధిలో ఇంకొకరి మగ్గం మీద కూలికి నేశాడు. చనిపోయేదాకా కోర్టు గడప తొక్కలేదు.

మెహరున్నీసా, ఆ గుమాస్తా నిజంగానే ఎదుటివాళ్లకి అమ్ముడుపోయాడా అని అడిగింది.

"నేను విచారించలేదు. నాగభూషణం అనుమానమే నిజమని తేలుతుందేమోనని భయం. ఇంకో పదేళ్లు సుందరం నా దగ్గరే పనిచేశాడు. పదేళ్లూ బీరువా తాళం నా జేబులోనే ఉండేది."

"ఉన్నదున్నట్టు రాసి ఉంటే జడ్జి గారు నమ్మేవారా సార్?"

విశ్వపతి గారు మూసిన ఫైలు తెరిచి ఆమె ముందుకి జరిపారు.

"తెలియదమ్మా. ఆయన దాకా వెళ్లింది నేను రాసిన కారణమే."