సున్నం పెట్టుకున్న చేతులు

ఒకప్పుడు చర్మం ఇప్పటిలా ఉండేది కాదు. ఎలా ఉండేదో ఈ భూమ్మీద నా ఒక్కడికే తెలుసు. అంటే, మా సైన్సు మేడమ్‌కి కూడా తెలుసనుకోండి. ఆవిడ చెబితేనే నాకు తెలిసింది. సగం విన్నాను, మిగతా సగం కల్పించాను.

అప్పట్లో ఒక ఏటి మడుగులో గోరంత జీవి ఉండేది. దాని ఒళ్ళంతా కణాలే. కణాలంటే గోడకి ఇటుకల్లాంటివి. కాకపోతే కంటికి ఆననంత చిన్నవి, పైగా నోరున్నవి. బస్సులో ముక్కూమొహం తెలియని వాళ్ళలా అవి పక్కపక్కన ఊరికే కూర్చునేవి.

వాటి మధ్యలో చిట్టిగుడ్డు ఉండేది. రేపటి పిల్లజీవి దాంట్లోంచే రావాలి. కానీ కణాల సందుల్లోంచి నీళ్ళు లోపలికి కారుతుంటే, చిట్టిగుడ్డు రోజురోజుకీ ఉబ్బిపోతోంది.

"అక్కా, ఇంకొంచెం నీళ్ళొస్తే నేను పగిలిపోతాను," అంది చిట్టిగుడ్డు.

పైవరసలో ఉన్న చెమ్మక్క అనే కణానికి భయం పట్టుకుంది. పక్కనున్న బుంగబావని పొడిచింది. "బావా, కాస్త జరుగు. సందు మూసేద్దాం."

"ఇంతకంటే జరిగితే నీ ఒళ్ళో కూర్చోవాలి," అన్నాడు బుంగబావ.

ముందు ఒళ్ళంతా జిగురు పూసుకున్నారు. ఇసక అంటుకుంది. నాచు అంటుకుంది. దారినపోయే పురుగు కాలు అంటుకుని, అది తిట్టుకుంటూ పీక్కుని పోయింది. బావ మాత్రం అక్కకి అంటుకోలేదు.

"మనకి చేతులున్నాయిగా, పట్టుకుందాం," అంది చెమ్మక్క. నిజమే, ప్రతి కణానికీ పొరలోంచి పొడుచుకొచ్చిన సన్నటి ప్రొటీన్ చేతులున్నాయి. కానీ అవి నిలబడితేగా!

"ఇదేం చెయ్యే, ఉడికిన తోటకూర కాడలా వేలాడుతోంది!" అని నవ్వాడు బావ.

"నీది మహా నిలబడిందిలే!"

అటుగా వెళుతున్న నత్త తాత ఆగాడు. "మీ కీళ్ళలో సున్నం లేదర్రా. అందుకే ఆ వేలాట."

"తాతా, కాస్త సున్నం పెట్టవా?"

"కిళ్ళీలోకా?"

"కీళ్ళలోకే! లేకపోతే చిట్టిగుడ్డు పగిలిపోతుంది తాతా."

తాత మొహం ముడుచుకున్నాడు. ఆయన దగ్గరున్న సున్నమంతా ఆయన ఇల్లే, అంటే వీపు మీది గుల్లే. కానీ చిట్టిగుడ్డు వైపు ఒకసారి చూసి, మూలుగుతూ ఆ గుల్లని రాయికేసి గీకాడు. "గోడ పలచబడింది. వానొస్తే మీ ఇంటికే వస్తా," అని గొణిగాడు.

సున్నం నీళ్ళలో కరిగి కీళ్ళలో చేరింది. చేతులు టక్కున నిలబడ్డాయి! అవి ఇసకని పట్టుకోలేదు, నాచుని పట్టుకోలేదు. తమలాంటి చేతుల్నే వెతికి పట్టుకున్నాయి. బావ చెయ్యీ అక్క చెయ్యీ బిగిసిపోయాయి.

అంతలో ఏట్లోంచి ఒక అల వచ్చి బావని లాగింది. బావ కదిలాడు. ఆయనతోపాటు అక్క చెయ్యి కూడా ఊడి వెళ్ళిపోయింది.

"నా చెయ్యి ఇచ్చెయ్ బావా!"

"నేనడిగానా? నువ్వే వదిలేశావు!"

"నేను వదల్లేదు, అదే ఊడింది!"

మళ్ళీ సందు పడింది. నీళ్ళు జొరబడ్డాయి. చిట్టిగుడ్డు పొర పలచగా, మెరుస్తూ సాగింది. లోపల ఉండబట్టి దానికే అసలు సంగతి కనపడింది.

"అక్కా! నీ చెయ్యి లోపల దేనికీ కట్టి లేదు. పొరలో ఊరికే గుచ్చుకుని ఉంది. నీ కడుపులో అన్ని తాళ్ళున్నాయే, అవెందుకు? వాటికి కట్టుకో!"

చెమ్మక్క సిగ్గుపడింది. ఆ తాళ్ళు ఎందుకున్నాయో ఆవిడెప్పుడూ అడగనేలేదు. కణాలకి చెయ్యి ఊడితే మరోటి మొలుస్తుంది కాబట్టి సరిపోయింది. కొత్త చేతిని లోపలి తాడుకి గట్టిగా ముడేసింది. బావా ముడేశాడు. వరస వరసంతా ముడేసింది. పై అంచున పొరకి పొర చేర్చి, దారం లేకుండానే కుట్టు కూడా వేసుకున్నారు.

ఈసారి ఇంకా పెద్ద అల వచ్చింది. బావని లాగితే అక్క సాగింది, అక్కతోపాటు అవతలివాళ్ళూ సాగారు. ఒక్క చెయ్యీ ఊడలేదు. అందరూ లోపలి తాళ్ళు బిగించారు. సందులు మూసుకున్నాయి.

"అక్కా, పొడిగా ఉంది!" అంది చిట్టిగుడ్డు.

అప్పటినుంచే పక్కపక్క కణాలు సున్నంతో, అంటే మేడమ్ మాటల్లో కాల్షియంతో, బిగిసిన చేతులతో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఆ చేతుల్ని లోపలి తాళ్ళకి కట్టుకుంటాయి. అందుకే మీరు కాలవలో ఎంతసేపు ఈదినా నీళ్ళు ఒంట్లోకి కారవు. పైపైన ముసలివైపోయిన కణాలు మాత్రం, పని అయ్యాక చేతులు వదిలేసి రాలిపోతాయి.

ఈ చివరి ముక్క నాకు ముందే తెలిసుంటే బావుండేది. ఒకసారి అమ్మమ్మ నలుగు పెడుతుంటే చేతి మీంచి నల్లటి ఉండలు రాలాయి. చర్మం ఊడిపోతోందని కేకలేస్తూ, ఒంటి మీద నూనె తప్ప ఇంకేమీ లేకుండా వీధిలోకి పరిగెత్తాను. అప్పుడు నాకు రెండేళ్ళో మూడేళ్ళో అనుకునేరు. పదకొండు.