ఇడ్లీబండి చక్రానికి సర్కారు సాయం

బస్టాండు వెనక ఇడ్లీబండి నడిపే గవరమ్మకి ఒకటే దిగులు. ఊళ్ళో తెలివంతా తన ఇంట్లోనే పోగుపడింది కదా, మిగతా జనం ఎలా బతుకుతారో అని. మొగుడు అప్పలకొండ, మరిది పైడిరాజు కూడా అందుకు తెగ జాలిపడేవాళ్ళు.

అంత తెలివి ఉన్నా బండి చక్రం విరిగింది. కొత్తది కొనే స్తోమత లేదు. బండి కదలకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. గవరమ్మ మండలాఫీసుకి వెళ్ళి మొరపెట్టుకుంటే అక్కడి గుమాస్తా చెప్పాడు: "పని చేసుకుంటున్నా రాబడి చాలనివాళ్ళకి సర్కారు సాయం ఇస్తోంది. రేపు మీ ఇంటికొచ్చి చూస్తాను."

"విన్నారా, ఆయన వచ్చేసరికి మనం పని చేస్తూ ఉండాలి. రాబడి మాత్రం కనబడకూడదు," అంది గవరమ్మ ఇంటికొచ్చి.

అంతే. తెల్లారగానే అప్పలకొండ రుబ్బురోలు ముందు కూర్చున్నాడు. పప్పు అయిపోయినా ఆపలేదు.

"ఒట్టి రోలు రుబ్బుతున్నావేంటన్నా?"

"పప్పు అయిపోయిందిగానీ ఆయన రాలేదు కదరా."

గవరమ్మ ఇంటిముందు ఇడ్లీలు ఊరికే పంచింది. ఇంకేముంది, వీధి వీధంతా గిన్నెలతో దిగింది. ఒక ముసలాయన మొహమాటపడి పది రూపాయలు పెట్టి వెళ్ళాడు. పైడిరాజు సందు చివరిదాకా తరిమి, ఆ నోటు ఆయన జేబులోనే కుక్కాడు. "మా కొంప ముంచుదామనా తాతా?" అని తిట్టి మరీ వచ్చాడు.

గుమాస్తా వచ్చి చూశాడు. విరిగిన బండి, ఖాళీ గిన్నెలు, ఒట్టి రోలు రుబ్బుతున్న మనిషి. ఇంతకన్నా చూడాల్సిందేముంది అనుకుని ఆఫీసుకి తీసుకెళ్ళి డబ్బు ఇప్పించాడు.

గవరమ్మ మొగుణ్ణీ మరిదినీ వెంటేసుకుని చక్రాల కొట్టుదాకా వెళ్ళి, గుమ్మంలో ఆగిపోయింది.

"ఏమైంది వదినా?"

"ఒరే, ఇప్పుడు మన దగ్గర డబ్బుంది. డబ్బున్నవాళ్ళం లేనివాళ్ళ సాయం తినొచ్చా? పట్టుకుంటే?"

ముగ్గురూ వెనక్కి పరుగెత్తి గుమాస్తా బల్లమీద డబ్బు పెట్టేశారు. ఆయన తెరిచిన నోరు మూయకముందే, "హమ్మయ్య, మళ్ళీ లేనివాళ్ళమయ్యాం," అంటూ గవరమ్మ సాయంకోసం వచ్చినవాళ్ళ వరస చివర నిలబడింది.

"ఇలా ఊరికే నిలబడితే పని చేసేవాళ్ళమని ఎలా నమ్ముతారు వదినా?" అన్నాడు పైడిరాజు.

మరిది బుర్రకి గవరమ్మ మురిసిపోయింది. అన్నదమ్ములిద్దరూ ఇంటికి పోయి రోలు మోసుకొచ్చారు. అప్పలకొండ వరసలోనే కూర్చుని రుబ్బడం మొదలెట్టాడు. వరస అడుగు జరిగినప్పుడల్లా రోలు ఎత్తి ముందుకు పెట్టాలి.

"నడుం విరుగుతోందే. చక్రం ఉంటే బండిమీద తెచ్చేవాళ్ళం," అని మూలిగాడు.

"దానికోసమేగా నిలబడ్డాం," అంది గవరమ్మ. "రుబ్బు."