తలపాగాని బట్టి ధర

ముత్యాలరేవు రాజు ఉదయకేసరికి పొద్దున్నే ఒక ఆలోచన వచ్చింది. రాజుకి ఆలోచన వచ్చిందంటే ఊళ్లో ఎవరికో మూడినట్టే.

"మన అంగడికి పది దేశాల ఓడల వాళ్లొస్తున్నారు. బట్టల ధర మన వరహాల్లో రాస్తే చూసి బుర్ర గోక్కుని వెళ్లిపోతున్నారు. ఇకమీదట ఎవడి దేశపు డబ్బులో వాడికి ధర కనపడాలి. గుమ్మంలో అడుగు పెట్టగానే కనపడాలి!"

సభంతా తలూపింది. ఎలాగండీ అని మాత్రం ఒక్కడూ అడగలేదు.

కోశాధికారి త్రిలోచనయ్య లేచాడు. ఆయన లేస్తే ముందు పొట్ట, తర్వాత ఉంగరాలు, ఆఖర్న మనిషి లేచినట్టుంటుంది.

"చిటికెలో పని ప్రభూ! గుమ్మం దగ్గర బంటు వచ్చేవాడి తలపాగా చూస్తాడు. ఏ దేశపు తలపాగా అయితే ఆ దేశపు ధరల బల్ల తిప్పుతాడు. డబ్బు కట్టే చోటు నేను చూసుకుంటా. బల్లల మీద రాతపని సూరప్పకిప్పించండి. ఎలాగూ కబుర్లు తప్ప పనేం లేదుగా ఆయనకి!"

సూరప్పది రాజుగారిని నవ్వించే కొలువు. ఆయనకున్న ఆస్తి రెండే. ఒకటి నోరు, రెండోది మీసం. నోటి వల్ల వచ్చిన శత్రువుల్ని మీసంతో భయపెడుతుంటాడు. సరేనని రేవులో నలుగుర్నీ అడిగి, గుర్రాల దేశం వాళ్లకైతే వరహాకి పది దిర్హాలు, దీవుల వాళ్లకైతే ఇన్ని గవ్వలు అని లెక్కగట్టి బల్లలు రాయించాడు.

మొదటిరోజే సరదా. మన ఊరి చేపల నూకయ్య ఎండకి నెత్తిన తువ్వాలు చుట్టుకొస్తే, బంటు దీవులవాడనుకుని గవ్వల బల్ల తిప్పాడు.

"ఏంట్రా, నిన్న వల అప్పడిగినప్పుడు మావా అన్నావు, ఇవాళ పరదేశినైపోయానా?" అని నూకయ్య వాణ్ని తరుముకున్నాడు.

మూడో రోజుకి సరదా కాస్తా రచ్చయింది. గుర్రాల వర్తకుడు జాఫర్ సభలోకొచ్చి అరిచాడు. "బల్ల మీద రెండొందల దిర్హాలని ఉంది. బట్ట చేతికొచ్చేసరికి రెండొందల ఎనభై అయిదు ఊడ్చారు! ఇదేం మర్యాద రాజా? రేపే లంగరెత్తేస్తున్నాం. మళ్లీ మీ రేవు మొహం చూడం!"

"బల్ల రాసింది సూరప్ప ప్రభూ. తప్పు రాశాడు," అన్నాడు త్రిలోచనయ్య చటుక్కున. "ఖజానా మాత్రం చూడండి, ఎలా నిండిందో!"

ఖజానా నిండుతున్నప్పుడు రాజులకి కొంచెం చెవుడొస్తుంది. "కోశాధికారికి వంద వరహాల బహుమానం! సూరప్పకి అరమీసం గొరిగించి, గాడిదెక్కించి ఊరేగించండి!"

సూరప్ప చెయ్యి దానంతటదే మీసం మీదికెళ్లింది. ఎడమవైపు కొంచెం దట్టం. పోతే ఏ వైపు పోతుందో? మొహం మాత్రం నవ్వింది.

"చిత్తం ప్రభూ. కాకపోతే ఆ రెండు ముచ్చట్లూ రేపు అంగడిలోనే, ఓడల వాళ్ల ముందు జరిపించండి. ఇంత గొప్ప పద్ధతి పెట్టిన పెద్దాయనకి బహుమానం కూడా ఆ పద్ధతిలోనే ముట్టాలి. ముందు ఆయన పని కానివ్వండి, నా మీసానికి తొందరేం లేదు." త్రిలోచనయ్య వైపు తిరిగాడు. "అయ్యా, మీకా గుర్రాల దేశపు జరీ తలపాగా ఉందిగా, అది పెట్టుకురండి. జనం కళ్లు చెదరాలి!"

త్రిలోచనయ్య పొట్ట ఇంకాస్త ముందుకొచ్చింది.

మర్నాడు అంగడి కిటకిటలాడింది. రాజు కూర్చున్నాడు. మంగలి కత్తి నూరుకుంటున్నాడు. ఆ చప్పుడు సూరప్పకి తప్ప ఇంకెవరికీ వినపడ్డంలేదు.

జరీ తలపాగా గుమ్మంలో తళుక్కుమంది. బంటు చూశాడు, బల్ల తిప్పాడు. 'కోశాధికారి వారి బహుమానం: వెయ్యి దిర్హాలు.'

జనం అబ్బో అన్నారు. త్రిలోచనయ్య డబ్బు కట్టే చోటికెళ్లి చెయ్యి చాపాడు.

"ఇక్కడ దిర్హాలు నడవవండీ," అన్నాడు గుమాస్తా. "వరహాలే. మీ ఆజ్ఞే కదా! మీ వెయ్యీ పక్కనున్న మారకపు బల్ల దగ్గర మార్చుకోండి."

పక్క బల్ల దగ్గర కూర్చున్నది త్రిలోచనయ్య సొంత బావమరిది. రాజుగారు ఎదురుగా ఉండేసరికి చెమటలు పట్టాయి.

"కానివ్వు బాబూ," అన్నాడు సూరప్ప, "రోజూ మార్చినట్టే మార్చు. రాజుగారు చూస్తున్నారు."

"వె... వెయ్యి దిర్హాలకి ఎనభై వరహాలు బావా. మార్చినందుకు పది తగ్గుతుంది. డెబ్బై."

"డెబ్బయ్యా? నాక్కూడానా, వెధవా!" త్రిలోచనయ్య రంకె వేశాడు. "బల్ల మీద చూపించేదొకటి, చేతిలో పెట్టేదొకటా? పట్టపగలు దోపిడీ!"

"నిన్న నేనరిచింది అదేనయ్యా!" అన్నాడు జాఫర్ వెనకనుంచి.

సూరప్ప చేతులు కట్టుకున్నాడు. "తొందరపడకండి అయ్యా. ఏది సరైన లెక్కో మీరే చెప్పండి. బల్ల మీదదా, చేతిలోదా?"

"బల్ల మీదదే! నా వెయ్యీ నాకు పడాలి!"

"విన్నారుగా ప్రభూ. నా బల్ల సరైందేనట. మంగలిని అటువైపు పంపించండి."

రాజుగారి నవ్వుకి కిరీటం పక్కకి ఒరిగింది. జాఫర్ కడుపు పట్టుకున్నాడు. బావమరిది బల్ల కింద దూరాడు. త్రిలోచనయ్య రెండు చేతుల్తో మీసం మూసుకున్నాడు కానీ, మంగలి అప్పటికే ఎదురుగా ఉన్నాడు.

"జాఫర్ నుంచి ఎక్కువ లాగింది ఇప్పుడే తిరిగిచ్చెయ్యండి. ఇక బల్ల మీద ఎంతుంటే అంతే, వాళ్ల డబ్బులోనే పుచ్చుకోండి!" అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ. "సూరప్పా, ఆ వంద వరహాలూ నీకే. రా, పుచ్చుకో."

గుమ్మం దగ్గర బంటు బల్ల మీద చెయ్యేశాడు. సూరప్ప గబుక్కున తన తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"వీడు మళ్లీ బల్ల తిప్పకముందే, చేతిలో పోసెయ్యండి ప్రభూ!"